ఇల్లాలికో మెలిక బంతి

కాలవ మహారాజుకి ఆ బిరుదు ఊరికే రాలేదు. బౌలింగ్ హాల్లో ఆయన వదిలిన బంతి, ఎదురుగా సీసాల్లా నిలబడ్డ పది పిన్నుల్లో ఒక్కదాన్ని కూడా పలకరించకుండా, బంతి దొర్లే చెక్క లేన్ పక్కనున్న కాలవలోకి దిగి సిగ్గుపడుతూ వెళ్ళిపోతుంది. ఆదివారాలు ఆడేవాళ్ళంతా కలిసి ముద్దుగా పెట్టుకున్న పేరు అది. మిగతా రోజుల్లో ఆయన బీమా ఆఫీసులో గుమాస్తా.

తప్పు తన చేతిదని మాత్రం ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. తప్పంతా బెజ్జాలది.

"బంతి లోపల బరువైన గుండు ఒకటుంటుందోయ్," అని భార్యకి పాఠం చెప్పేవాడు. "దాని తలకాయ ఎక్కడుందో పైన రంగు చుక్క చెబుతుంది. ఆ చుక్కకి ఎటువైపు, ఎంత దూరంలో వేళ్ళకి బెజ్జాలు వేశారన్నదాన్ని బట్టే బంతి తిన్నగా పోతుందా, చివర్లో మెలిక తిరుగుతుందా అన్నది ఉంటుంది."

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "మరి కాలవలోకి పోవాలంటే బెజ్జాలు ఎక్కడ వెయ్యాలండీ?" అని అడిగేది.

ఓడినప్పుడల్లా కొత్త బంతి, కొత్త చోట బెజ్జాలు. అలా ఇంట్లో ఓ గది గదంతా బంతులతో నిండిపోయింది. ఆవిడేమో ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుట్టుమిషనుకి చోటు లేక భోజనాల బల్ల మీదే పెట్టుకుంది. కొలతలకొచ్చిన ఆడవాళ్ళు పొయ్యి పక్కన నిలబడి చేతులు చాపేవాళ్ళు. ఓ రోజు మహారాజుగారి కంచంలోకి గుండీ వచ్చింది. ఆయన నమిలాడు కూడా.

"ఇంక నా వల్ల కాదు," అంది ఆవిడ. "ఆ గది నాకిచ్చెయ్యండి. మిషను అక్కడ పెట్టుకుంటాను."

"మరి నా బంతులు ఎక్కడికి పోతాయి?"

"అవి ఎక్కడికి పోతాయో నన్నడుగుతారేంటండీ, ఊరందరికీ తెలిసిందేగా!"

ఆయనకి పౌరుషం తన్నుకొచ్చింది. "నెలాఖరు ఆదివారం నాతో ఆడు. నన్ను ఓడించు. గది నీదే!"

మాట నోరు దాటాక గానీ, పోయిన ఆదివారం సరదాకి ఆడి ఆవిడ తనని ఓడించిన సంగతి గుర్తు రాలేదు. హాలువాళ్ళ అరువు బంతితో, కూరలు కొనడానికి వెళ్తున్నట్టు నింపాదిగా నడిచి, తిన్నగా వదిలి, ప్రతిసారీ ఏడో ఎనిమిదో పిన్నులు పడగొట్టి వచ్చి కూర్చునేది.

రెండు రోజులు ఆఫీసు పని మానేసి ఆలోచించాడు. మూడోరోజు ఉపాయం తట్టింది. తిన్నగా వేసే మనిషికి గిర్రున మెలిక తిరిగే బంతి ఇస్తే? ఇంకేముంది, గది తనదే!

"నీకో బహుమతి కొంటున్నానోయ్. నీకంటూ సొంత బంతి."

"ఎందుకట?"

"ప్రేమతో."

ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

హాలు పక్కనే బెజ్జాల బాబాయి కొట్టు. బాబాయి మీసాల నిండా బంతుల పొడే. ఆవిడ వేళ్ళు కొలిచాడు. బంతికి ఓ టేపు ముక్క అంటించి నాలుగైదు సార్లు వేయించాడు. చేతిలోంచి వదిలాక బంతి ఏ చోటు చుట్టూ తిరుగుతోందో చూసి అక్కడ గుర్తు పెట్టాడు. ఆవిడ అటు తిరగ్గానే మహారాజు బాబాయి చెవి దగ్గరికి చేరాడు.

"చుక్క సరిగ్గా ఈ గుర్తు మీదకొచ్చేలా బెజ్జాలు వేస్తే బంతి బుద్ధిగా తిన్నగా పోతుంది," అన్నాడు బాబాయి. "గుర్తుకి నాలుగైదు వేళ్ళ దూరంలో ఉండేలా వేస్తే మాత్రం, లేన్ మీద నూనె రాసిన భాగం దాటగానే గభాలున ఎడమకి తిరుగుతుంది. అమ్మాయి నెమ్మదిగా వేస్తుంది కాబట్టి మరీనూ. ఏది వెయ్యమంటావు?"

"మరీ తిరిగేదే!"

"అలవాటు లేని చేతికి కష్టం బాబూ."

"మా ఆవిడకి కష్టమంటే ఇష్టం బాబాయ్! నా బంతికి మాత్రం పాత బెజ్జాలు పూడ్చేసి, ఆ బుద్ధిమంతుడి రకం వెయ్యి."

బాబాయి ఆయన వంక ఓసారి చూసి మీసం దులుపుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడ రోజూ సాయంత్రం గుండీలు కొనుక్కొస్తానని బయటికెళ్ళేది. ఇన్ని గుండీలు ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే మళ్ళీ కంచంలోకి వస్తాయేమోనని భయం.

నెలాఖరు ఆదివారం రానే వచ్చింది. హాలంతా వాళ్ళ లేన్ దగ్గరే మూగింది. ఆవిడ మొదటి బంతి వేసింది. తిన్నగా వెళ్ళి, చివర్లో మెలిక తిరిగి, ఎడమ కాలవలో పడింది. మహారాజు లోపల చంకలు గుద్దుకుంటూ, పైకి మాత్రం, "అయ్యయ్యో, కొత్త కదా, అలాగే ఉంటుంది," అని జాలిపడ్డాడు.

ఆయన వంతు వచ్చింది. బంతిని కుడి అంచుకి విసిరి అది తిరిగి వస్తుందని ఎదురుచూడటం ఆయనకి ఏళ్ళ తరబడి అలవాటు. బంతి మారింది గానీ చెయ్యి మారలేదు. బుద్ధిమంతుడైన ఆ బంతి, ఆయన ఎటు పంపాడో అటే, తూచా తప్పకుండా కుడి కాలవలోకి వెళ్ళింది.

ఆవిడ లేచింది. ఈసారి బాగా ఎడమకి జరిగి నిలబడి, బంతిని కుడి అంచు మీదకి పంపింది. అది కాలవలోకి తొంగిచూసి, మనసు మార్చుకుని, మెలిక తిరిగి వచ్చి పది పిన్నుల్నీ ఊడ్చేసింది. గుడ్డి అదృష్టం అనుకున్నాడాయన. మళ్ళీ ఊడ్చింది. మళ్ళీ.

ఇక ఆయన పనల్లా బంతి వదలడం, ఒంటికాలి మీద నిలబడి, "తిరుగు! తిరుగు నాయనా!" అని నడుము మెలికలు తిప్పడం. నడుము తిరిగింది గానీ బంతి తిరగలేదు. ఆఖరి బంతికైతే కసిగా పరిగెత్తుకెళ్ళి, గీత దాటి, నూనె మీద కాలేసి, బోర్లా పడి జర్రున జారాడు. ఆ రోజు ఆయన వైపు నుంచి పిన్నుల కేసి తిన్నగా వెళ్ళింది ఆయన ఒక్కడే.

లేవదీసిన బాబాయిని పట్టుకుని, "అదెలా సాధ్యం? అంత మెలిక బంతి!" అని గొణిగాడు.

"ఏ చేతికి వేస్తున్నానో ఆ చేతినడక్కుండా నేను బెజ్జం వెయ్యను బాబూ. నువ్వు చెప్పింది అమ్మాయికి చెప్పాను. 'ఆయన చెప్పినట్టే వెయ్యండి, ఎక్కడ నిలబడాలో నాకు నేర్పండి' అంది. రోజూ వచ్చి నేర్చుకుంది."

"గుండీలు..." అన్నాడు మహారాజు నీరసంగా. "మరి మొదటి బంతి?"

"మీ సంతోషం కోసమండీ," అంది ఆవిడ.

ఇంతలో జనం ఆవిడ బంతి చుట్టూ చేరారు. "అబ్బ, ఏం తిరిగిందమ్మా! చుక్క ఇక్కడుండాలన్న తెలివి ఎవరిది?"

ఇన్నేళ్ళలో ఆ హాల్లో ఒక్కరు కూడా ఆయన బెజ్జాల పాండిత్యాన్ని మెచ్చుకోలేదు. నూనె ఓడుతున్న ఛాతీ ఉప్పొంగిపోయింది. ఆగలేకపోయాడు. "నాది! అక్కడే వెయ్యమని దగ్గరుండి చెప్పింది నేనే!"

అందరూ ఆయన వైపు ఆరాధనగా తిరిగారు. "ఆవిడకి అక్కడే వెయ్యాలని మీకెలా తోచిందండీ?"

"చెప్పండి," అంది ఆవిడ, నవ్వు పెదాల చివర దాచుకుని. "ఎందుకు అక్కడే వేయించారో కూడా చెప్పండి."

ఆయన ఓసారి చుట్టూ ఉన్న మొహాలన్నీ చూశాడు. ఒంటికంటిన నూనె కాస్త తుడుచుకుని, భార్య పక్కకి చేరి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఏమోయ్, మిషను కిటికీ దగ్గర వెయ్యమంటావా, తలుపు దగ్గరా?"