పోటు వేళ ఫోటో

పదిలోపు నివేదిక పంపేసి, మధ్యాహ్నం భార్యతో సినిమాకు వెళ్లాలని మ్యాపులాయన అనుకున్నాడు. పని చిన్నదే. తీరంలో నాటిన ఇరవై వేల మడ మొక్కల్లో ఎన్ని బతికాయో ఉపగ్రహ చిత్రం చూసి చెప్పాలి. నాటించింది సాక్షాత్తూ అత్తగారు. ముప్పాతిక వంతు బతికితేనే ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది.

చిత్రం తీసిన వేళకు సముద్రం పోటు మీద ఉందో, ఆటు మీద ఉందో ఆయన ఎప్పుడూ అత్తగారికే ఫోన్ చేసి కనుక్కునేవాడు. కానీ రెండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. "ఆకాశంలోంచి చూసేవాళ్లకి మొక్క గురించి ఏం తెలుస్తుందిలే" అని ఆవిడ నలుగురిలో అనేసింది. ఈయనకు ఒళ్లు మండింది. ఈసారి అడగకుండానే చూశాడు. పాత చిత్రంలో పచ్చదనం, కొత్త చిత్రంలో నీళ్లు. "మొక్కలన్నీ పోయాయి" అని రాసి పంపాడు.

పావుగంటలో పెద్ద సారు ఊడిపడ్డాడు.

"ఒక్కటీ మిగల్లేదా? ఎల్లుండి పైవాళ్లు తనిఖీకి వస్తున్నారయ్యా."

"చిత్రం అబద్ధం చెప్పదు సార్."

అత్తగారిని రేపటి నుంచి రావద్దన్నారు. సినిమా మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు నూట యాభై మంది కూలీలు కొత్త మొక్కలతో దిగారు. మోకాలి లోతు బురద నీళ్లు, అడుగు కనబడదు. "నీళ్లు తగ్గేదాకా ఆగుదాం సార్" అన్నాడు మేస్త్రీ. "ఆగడానికి టైమెక్కడుంది? నాటండి" అన్నాడు సారు. నాటారు. సాయంత్రం ఆటు మొదలై నీళ్లు వెనక్కి పోయాక చూస్తే, జానెడు పాత మొక్కలు వరసలు తప్పకుండా బురదలో తొక్కుడుపడి ఉన్నాయి. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి.

సంగతి విని అత్తగారు వచ్చింది. "ఫోటో ఎన్నింటికి తీశారు అల్లుడుగారూ?"

"మొన్న పదకొండుకి."

"ఆవేళ పదకొండుకి నడుము లోతు నీళ్లు." ఆవిడ వంగి, తొక్కుడుపడ్డ మొక్కనొకదాన్ని నిలబెట్టబోయింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తనిఖీవాళ్లు లెక్కపెట్టారు. పాతవి చచ్చాయి, కొత్తవి తేలిపోయాయి. "రెండు రోజుల ముందే ఎంత కచ్చితంగా చెప్పారండీ" అని ఆయన భుజం తట్టారు. నోరు మెదపొద్దని సారు ఆయన కాలు తొక్కుతూనే ఉన్నాడు. అయినా ఆయన ఉండబట్టలేక, "మొన్నటిదాకా పాత మొక్కలు బతికే ఉన్నాయి సార్, మేమే తొక్కించాం. తప్పు నాది, మా అత్తగారిది కాదు" అనేశాడు.

అత్తగారి ఉద్యోగం నిలిచింది. మళ్లీ నాటించే బాధ్యత ఆవిడకే ఇచ్చి, మొక్కలు చేత్తో లెక్కపెట్టడానికి ఏడాదిపాటు ఆయన్ను ఆవిడ కిందే వేశారు.

ఇప్పుడాయన సినిమాకు వెళ్లాలంటే సెలవు చీటీ మీద అత్తగారి సంతకం ఉండాలి.