వీధి చివరికే కదా!

ఆదివారం ఉదయం లైసెన్సు పరీక్షాధికారి వేసుకున్న పథకం చిన్నదే. స్కూటరు మీద వీధి చివరికి వెళ్లి, బాగుచేయించిన భార్య కళ్లజోడు తెచ్చి, కాఫీ చల్లారేలోగా ఇంట్లో ఉండాలి.

"హెల్మెట్టండీ!" వెనకనుంచి ఆవిడ కేకేసింది.

"వీధి చివరికే కదా!"

తిరుగుదారిలో టీచరమ్మ ఎదురుగా నడిచివస్తూ కనబడింది. హెల్మెట్ పట్టీ బిగించుకోలేదని మొన్న శుక్రవారమే ఆమెను ఫెయిల్ చేసింది ఈయనే. చటుక్కున ఇంజను ఆపి, దిగి, బండిని తోయడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఏమైంది సార్?"

"మొరాయించిందమ్మా. స్టార్టవడం లేదు."

"అదెంత పని! ఒరే తమ్ముడూ!"

ఎదురు షెడ్డులోంచి మెకానిక్‌గా పనిచేసే ఆమె తమ్ముడు వచ్చి ఒక్క కిక్కు కొట్టాడు. బండి శుభ్రంగా స్టార్టయింది.

"స్టార్టవుతుందిలే... లోపల ఏదో చప్పుడు," అన్నాడు అధికారి నీళ్లు నములుతూ.

ఆ చప్పుడు కోసం తమ్ముడు ముందు సీటు విప్పాడు, తర్వాత చక్రం, ఆ తర్వాత అధికారి ఎన్నడూ చూడని భాగాలేవేవో. పదిమంది మూగారు.

"ఏ చప్పుడూ లేదక్కా!"

"సరిగ్గా వెతకరా. సారు అబద్ధమాడతారా?" అని టీచరమ్మ జనంవైపు తిరిగింది. "చూశారా, చిన్న చప్పుడు వినబడితే చాలు, దిగిపోయారు! బాధ్యతంటే అదీ. సార్, రేపు మా బడికొచ్చి రోడ్డు భద్రత గురించి పిల్లలకి మీ నోటితోనే చెప్పాలి."

నాలుగువందల మంది పిల్లలు ఆయన కళ్లముందు వరసగా నిలబడ్డారు. నోరు తడారిపోయింది. మూగినవాళ్లలో ఎవరో మంచినీళ్ల గ్లాసు అందించారు. ఆ పాటి దయకే ఆయన కరిగిపోయాడు.

"అమ్మా, బండికి ఏ రోగమూ లేదు. హెల్మెట్ లేకుండా నడిపాను. మిమ్మల్ని చూసి దిగాను. మా ఆఫీసుకి ఫిర్యాదు రాయండి, కింద నేనే సంతకం పెడతాను."

టీచరమ్మ నవ్వింది. "మలుపులోనే చూశాను సార్."

"మరి ఇంతసేపూ...?"

"పదిహేనేళ్లుగా ఐదో తరగతికి చెబుతున్నాను. తప్పు చేసినవాడు తనంతట తనే చెప్పేదాకా ఆగాలి. మనం చెబితే వాడికి అబ్బదు."

"అయితే నేను పాసా, ఫెయిలా?"

"అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. రేపు పిల్లలకి ఈ సంగతే చెప్పండి."

తమ్ముడు విప్పినవన్నీ బిగించి, తుడిచి, అప్పగించాడు. బండి మునుపటికంటే బాగుంది. దాన్ని ఆయన ఇంటిదాకా తోసుకుంటూ వెళ్లాడు.