విరహంలో నాలుగో అధ్యాయం

మంత్రిగారు మైకు ముందు ప్రకటించేశారు: "ఇకమీదట ప్రతి డాక్టరేటుకీ నాణ్యత పరీక్ష! నెగ్గితే పర్మనెంటు ఉద్యోగం. తప్పితే పేరు ముందున్న డాక్టరు ఊడినట్టే!"

ఆహా, ఏం దూరదృష్టి! అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్ని మరి. పైగా 'పాత కవిత్వంలో విరహం' మీద డాక్టర్ని.

"ఎందుకైనా మంచిది, ఆ థీసిస్ ఒకసారి తిరగెయ్యండి" అంది మా ఆవిడ.

"రాసినవాడు చదవడమేమిటే, నామోషీ!" అన్నాను.

కమిటీ కూర్చుంది. ఛైర్మన్ చేపల ప్రొఫెసరు గారు, థీసిస్‌కి గోల్డ్ మెడల్ కొట్టినాయన. మంత్రిగారు స్వయంగా విచ్చేసి నా థీసిస్ అట్ట మందం చూశారు, బంగారు అక్షరాలు గోకి చూశారు.

"లోపల చదివినవాళ్లెవరయ్యా?" అన్నారు.

అందరూ ఫ్యాను వైపు చూశారు. చివరికి గేటు దగ్గర ఇరవయ్యేళ్లుగా థీసిస్‌లు కుట్టే బైండింగు తాతని పిలిపించారు. ఏమీ తోచనప్పుడు అవే చదువుకుంటాడట, పాపం.

తాత నాది తిరగేశాడు. "మూడు అధ్యాయాలూ విరహమేనండీ. నాలుగోది మాత్రం చేప కడుపు."

నేను లేచి తొంగిచూశాను. నిజమే, చేప బొమ్మ!

"ఆ రోజు రెండు థీసిస్‌లు పక్కపక్కన పెట్టి కుట్టానండీ. కాగితాలు తారుమారయ్యాయి. చెబుదామనే వచ్చాను. అప్పటికే ఈయన మెళ్లో దండ పడిపోయింది. శుభమా అని డాక్టరవుతుంటే అడ్డెందుకని ఊరుకున్నా."

తొమ్మిదేళ్ల ఆశ గంగలో కలిసింది. ఇంటికెళ్లి ఏ మొహం చూపించను? నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

మంత్రిగారు ఫైల్లోంచి అప్పటి ఎగ్జామినర్ల రిపోర్టు తీసి పైకి చదివారు: "నాలుగో అధ్యాయం అపూర్వం. విరహాన్ని కడుపులోంచి పట్టుకున్నారు." తలెత్తి, "ఇంతకీ ఆ రెండో థీసిస్ ఎవరిది తాతా?" అన్నారు.

తాత నోరు తెరిచాడు. ఛైర్మన్ గారికి పొలమారింది.

"అదంతా ఇప్పుడెందుకు సార్! ఇంత గొప్ప పరిశోధన నా సర్వీసులో చూళ్లేదు. ఏ గ్రేడు!" అని గబగబా సంతకం గీకేశారు.

ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆవిడ, "ఏమైందండీ?" అంది.

"పర్మనెంటు! అంతేనా, నేను రాసిన నాలుగో అధ్యాయానికి ఎప్పుడో గోల్డ్ మెడల్ కూడా వచ్చిందటే!"

"అమ్మ బాబోయ్! ఏం రాశారండీ అందులో?"

ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"రేపు ఛైర్మన్ గారిని అడిగి చెప్తాలే" అన్నాను.