దీవి దర్యాప్తు సంఘం

దేశానికి ఇప్పుడు కావలసింది రోడ్లు కాదు, కరెంటు కాదు, మంచినీళ్లు అసలే కాదు. దీవి సీరియల్ మీద ఊహాగానాలు చేసే మనుషులు! వాళ్లను పనీపాటా లేనివాళ్లని వెక్కిరించే పెద్దలు ఒక్కసారి పటాన్‌చెరులో బొంతపల్లి వైపు వెళ్లే కంపెనీ బస్సెక్కాలి. కిటికీ పక్కన కూర్చున్న జైపాల్‌ను చూసి బుద్ధి తెచ్చుకోవాలని మనవి.

జైపాల్ ఓ మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. అది పొట్టకూటి కోసం. అసలు పని వేరే ఉంది. ఓడ మునిగి దీవిలో చిక్కుకున్న పదిమంది కథ ప్రతి శుక్రవారం ఫోన్లో వస్తుంది కదా, అందులోని రహస్యాలు ఛేదించడానికి అతను వాట్సాప్‌లో 'దీవి దర్యాప్తు సంఘం' పెట్టాడు. సభ్యులు నాలుగు వందలమంది! సంఖ్య నిండాలని, వాగు వంతెన దగ్గర పంక్చర్ షాపు నడిపే యూనుస్‌ను కూడా చేర్చాడు. పాపం, యూనుస్ ఆ సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూసి ఎరుగడు. సంఘాలన్నాక అలాంటి సభ్యులూ ఉండాలి.

ఎంత మేధస్సండీ వీళ్లది! కొండ మీద మేక మెడలో గంట ఎవరు కట్టారు? దీవిలో ఉన్న డాక్టరుకు గడ్డం ఎందుకు పెరగడం లేదు? ల్యాబ్‌లో పనిచేసే నిషిత తెర మీద కొబ్బరిచెట్ల నీడలు స్కేలుతో కొలిచి, ఆ దీవి భూమధ్యరేఖకు దిగువన ఉందని తేల్చింది. ప్యాకింగ్‌లో పనిచేసే మహేంద్ర అయితే, డాక్టరు ఎప్పుడో చచ్చిపోయాడు, తిరుగుతున్నది కవల తమ్ముడని సిద్ధాంతం చేశాడు. ఒప్పుకోనందుకు సొంత బావమరిదితో మాటలు మానేశాడు. సత్యం కోసం ఆమాత్రం త్యాగం చేయకపోతే ఎలా?

జైపాల్ ఆయుధం వేరు. కంపెనీ ట్రైనింగ్‌లో ఒక పద్ధతి నేర్పారు. ఎక్కడ తేడా వచ్చినా "ఎందుకు" అని ఐదుసార్లు అడగాలి, ఐదోసారికి అసలు కారణం బయటపడుతుంది. కంపెనీలో తేడా వస్తే అతను మొదటి "ఎందుకు" దగ్గరే "హెల్పర్ పొరపాటు" అని తేల్చేసి చాయ్‌కి వెళ్లిపోతాడు. మిగిలిన నాలుగూ జాగ్రత్తగా దాచి మేక గంట మీద ఖర్చు పెడతాడు.

బస్సు వాగు వంతెన మీదికి రాగానే అందరూ చకచకా కిటికీలు మూస్తారు. ముక్కులకు కర్చీఫులు వస్తాయి. చర్చ మాత్రం ఆగదు! డాక్టరు గడ్డం మీద వాదన కర్చీఫుల వెనక నుంచి యథావిధిగా సాగుతుంది. ఇంత ఏకాగ్రత ఏ మఠంలో చూశారు?

ఈ మధ్య ఒక సాయంత్రం యూనుస్ బస్సు దిగిన జైపాల్‌ను షాపు ముందు ఆపాడు. అతనికి రెండు బర్రెలుండేవి. వాగు నీళ్లు తాగి ఒకటి చచ్చిపోయింది. ఉన్న ఒక్కటీ సూడిది. అది కూడా రెండు రోజులుగా మేత ముట్టడం లేదు.

"జైపాలన్నా, నువ్వు మందుల కంపెనీల పెద్దోనివి. గీ వాగుల ఏం కలుస్తుందో జెర చెప్పు. బోరు నీళ్లు గూడ గదే వాసనొస్తున్నయ్. ఏంది కలుస్తుందో ఎరుకైతే పశువుల డాక్టర్‌కు చెప్పి దీన్నన్న బత్కించుకుంట."

"టెస్టింగ్ లేకుంట ఎట్ల చెప్తం యూనుస్ భాయ్? ఊకె అనుమానం మీద మాట్లాడొద్దు. సైన్స్ ఒప్పుకోదు."

"మరి మొదటిది ఎందుకు సచ్చిపాయె?"

"దాని ఆయుష్షు గంతే ఉండె."

చూశారా నిగ్రహం! చదువుకున్నవాడు అనుమానం మీద నోరు జారడు. ఇంటికి వెళ్లి, చెప్పులైనా విడవకముందే, మేక గంట ఇత్తడిది కాదు కంచుదని గ్రూపులో ప్రకటించాడు. టెస్టింగ్ అక్కర్లేకపోయింది.

ఆ ఆదివారం ఉదయం గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. కింద ఒక్క మాట లేదు. పచ్చటి నీళ్లు, నీళ్ల మీద మోకాలెత్తు తెల్ల నురగ, ఒడ్డున పొట్టలు పైకి తేలిన చేపలు. ఎవరు పంపారని చూసే తీరిక ఎవరికుంది? సంఘం ఊగిపోయింది. వచ్చే సీజన్ లీకైంది!

"గిది సబ్బు నురగ కాదు. మందుల తయారీల వాడే సాల్వెంట్. దీవిల ఏదో ఫ్యాక్టరీ దాచిపెట్టిన్రు" అని నిషిత రాసింది.

"వాన పడ్డనాడే ఇడుస్తరు. వాన నీళ్లల్ల కల్సిపోతే ఎవ్వనికీ దొరకదు" అన్నాడు మహేంద్ర.

ఇక జైపాల్ రంగంలోకి దిగాడు. చేపలు ఎందుకు చచ్చినయ్? నీళ్లల్ల విషం. ఎందుకొచ్చింది? ఎవడో ఫ్యాక్టరీ మురికినీళ్ల గేటు ఎత్తిండు. ఎందుకెత్తిండు? శుద్ధి చెయ్యాలంటే ఖర్చు. ఎవ్వలు ఎందుకు ఆపలే? పైనుంచి వచ్చిన మాట. ఎవ్వలు ఎందుకు చెప్తలేరు? "ఆ షిఫ్ట్ ఇన్‌చార్జికి అన్నీ ఎరుకే! నౌకరి పోతదని నోరు మూసుకున్నడు. అసలు విలన్ వాడే!"

చప్పట్ల బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. ఐదు "ఎందుకు"లకూ ఐదు జవాబులు! ట్రైనింగ్ ఇచ్చినాయన చూస్తే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.

అప్పుడు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. యూనుస్ గొంతు.

"అన్నా, గిది మన వాగే. మీ కంపెనీ గోడ ఎన్కనే, పొద్దుగాల తీసిన. గ్రూపుల ఇప్పుడు చెప్పిన్రు సూడు, సాల్వెంట్ అని, గదే డాక్టర్‌కు చెప్పాల్నా? జల్దీ చెప్పన్నా. బర్రె లేస్తలేదు."

నిషిత ఏదో టైప్ చేస్తున్నట్టు కనబడి ఆగిపోయింది. పోయిన వానకు కంపెనీ గేటు ఎత్తింది ఎవరో జైపాల్‌కు తెలుసు. పక్కన నిలబడి చూశాడు కూడా. ఒక్క "అవును" రాస్తే చాలు, ఆ బర్రె బతికినా బతకవచ్చు. వేలు తెర మీద కాసేపు ఊగి, చివరికి అడ్మిన్ బాధ్యతను గుర్తు చేసుకుంది. "సీరియల్‌కు సంబంధం లేని పోస్టులు పెట్టరాదు." వీడియో పోయింది, వాయిస్ పోయింది, యూనుస్ పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఊహాగానం వరం కాదా? మన జనానికి కుతూహలం తక్కువా, తెలివి తక్కువా? అదంతా లేని దీవికి ఎగుమతి అవుతోంది కాబట్టి ఇక్కడ అందరి నౌకరీలూ పదిలం, అన్ని గేట్లూ క్షేమం!

సోమవారం బస్సులో సంఘానికి కొత్త మిస్టరీ దొరికింది. గ్రూపులోంచి యూనుస్ ఎందుకు మాయమయ్యాడు? మెసేజ్ విన్నవాళ్లు చెప్పలేదు. విననివాళ్లు మాత్రం ఊరుకోలేదు. "వాడు సీరియలోళ్ల మనిషే. లీక్ చేసిండని పట్టుకపోయిన్రు" అని మహేంద్ర తేల్చాడు. మరి కొందరు ఒప్పుకోలేదు. వాదన ముదిరింది.

ఇంతలో వంతెన వచ్చింది. పంక్చర్ షాపు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో టార్పాలిన్ కప్పిన బర్రె. పక్కన యూనుస్, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న అతని భార్య సర్వర్ బేగం. యూనుస్ తలెత్తి బస్సు వైపే చూశాడు.

అందరూ కిటికీలు మూశారు. జైపాల్ అందరికంటే ముందు మూశాడు.