బుల్లిదొర మాత్రాపర్వము

సహస్రకిరణుడు పగటి కొలువు చాలించి పడమటి మేడల వెనుకకు జారుకొనుచుండగా, వీధిదీపములు ఒకటొకటిగా కన్నులు తెరచుచుండగా, లెక్కకందని గదులు గల రాజసౌధమున, రాజకుటుంబము కాళ్ళు బారజాపుకొని కూర్చుండు గదిలో, దంతపు రంగు తివాచీపై ఒక ఘోరసంగ్రామము జరిగెను. అందు చిందిన రక్తము లేదు. కారిన చొంగకు మాత్రము కొదువ లేదు. వినుడు, చెప్పెదను.

ఆ వంశమున మనుషులకంటె మూగజీవులకే మర్యాద మిన్న. ముత్తాత తన చిలుక ఔనన్నగాని సంధిపత్రముపై ముద్ర వేసెడివాడు కాడు. ముత్తవ్వ పిల్లిని చంకనెత్తుకొని యుద్ధభూమికి పోయి, అది కునుకు తీయుచున్నదని దండయాత్రను మధ్యాహ్నము దాక ఆపించెను. తాత తన గుర్రము పోయిననాడు దేశమంతట సంతాపదినము ప్రకటించి, అత్తగారు పోయిననాడు ఒంటిపూట సెలవుతో సరిపెట్టెను. అట్టి వంశమున ఇప్పటి మహారాజు రిబ్బన్లు కోయు కత్తెర తప్ప మరియొక ఆయుధము పట్టి ఎరుగని శాంతమూర్తి. ఆయన తల్లి రాజమాత. ఆమె పంచప్రాణములును బుల్లిదొర.

బుల్లిదొర యనగా పొట్టికాళ్ళవాడు, నేలను ఊడ్చు చెవులవాడు, స్వర్గస్థుడైన పెద్దమహారాజు చేతులారా పెంచిన ముసలి శునకోత్తముడు. పెద్దాయన పోయిన నాటినుండి రాజమాత మంచము కాళ్ళవైపున పండుకొని ఆమె ఒంటరితనమునకు కాపలా కాయుచున్నవాడు. అట్టివానికి గుండె వాచెను. నాలుగడుగులు వేసిన ఆయాసము. పశువైద్యుడు వచ్చి, గొట్టము పెట్టి విని, కందిగింజంత తెల్లమాత్రను దినదినము సాయంకాలమున మింగించిన హాయిగా తిరుగుననియు, లేకున్న ఈ చలికాలము గడచుట కష్టమనియు తేల్చెను. బుల్లిదొర మాత్రము నోరు బిగించెను. వాడు మింగువరకు తానును ఏమియు ముట్టనని రాజమాత భీష్మించుకొని కూర్చుండెను. నిన్నటినుండి ఆమె గొంతున మంచినీరు తప్ప దిగలేదు. ఆ పండుటాకువంటి దేహము కుర్చీలో వణకుచుండెను. ఒక్క మాత్ర కొసన రెండు ప్రాణములు వ్రేలాడుచుండెనని గ్రహింపుడు.

తొలుత పశువైద్యుడు చేతితొడుగులు ధరించి రంగమున దూకెను. దవడలు విడదీసి, మాత్రను నాలుక మొదట నిలిపి, మూతి బిగించి పట్టి, గొంతు నిమిరెను. గుటక్కుమను శబ్దము వినబడెను. అందరును ఊపిరి పీల్చుకొనిరి. అంతట బుల్లిదొర గంభీరగమనమున నడచివచ్చి, వైద్యుని బూటుపై ఆ మాత్రను భద్రముగా దించెను. వైద్యుడు తొడుగులు విప్పుచు, మందు రాయుటవరకే తన పనియనియు, మింగించుట ఇంటివారి పనియనియు నసిగెను.

పిదప వంటపెద్ద మెత్తగా ఉడికిన మాంసపు ఉండలో మాత్రను పొదిగి సమర్పించెను. బుల్లిదొర మాంసమును ఆరగించి, పళ్ళెమును అద్దమువలె నాకి, నడుమ మాత్రను కడిగిన ముత్యమువలె వదలిపెట్టెను.

అప్పుడు కవాతునుండి తిన్నగా వచ్చిన మహారాజు, వక్షమున పతకములు గలగలలాడ, తివాచీపై మోకరిల్లి మేఘగంభీరస్వరమున ఇట్లనెను:

"ఓయీ సారమేయకులతిలకా, నా తాతముత్తాతలు కోటలను లొంగదీసిరి. నేను నిన్ను కోరునది కోట కాదు, కోటగుమ్మము కాదు. నోరు తెరువుము. మింగుము. మా అమ్మను బ్రతికింపుము."

బుల్లిదొర ఆవులించెను. ఇదే అదనని మహారాజు మాత్రను విసరగా, నోరు మూతపడెను. మాత్ర ముక్కుకు తగిలి సోఫా క్రిందికి దొర్లెను. దాని వెంట బుల్లిదొరయు దూరెను. వాని వెంట రాజ్యాధినేతయు తలదూర్చెను. పతకములు సోఫా స్ప్రింగులకు చిక్కుకొనగా, ఆయన నడుమువరకు అజ్ఞాతవాసమున, కాళ్ళవరకు ప్రజల ఎదుట ఉండిపోయెను.

ఇంతవరకును కిటికీకడ కూర్చుండి టీ త్రాగుచున్నది మహారాణి, రాజమాతకు కోడలు. ఆమెకును బుల్లిదొరకును ఏనాటినుండియో పగ. వాడు ఆమె శాలువాలపై పొర్లెను, చెప్పులు కొరికెను, ఆమె టీ పళ్ళెములోని రొట్టెను అపహరించెను. ఈ ఇంట తనకన్న కుక్కకే విలువ ఎక్కువని ఆమె పలుమార్లు భర్తవద్ద వాపోయినది. రాజమాత అటు చూచి నీరసముగా అనెను.

"నీకేంలే అమ్మా. వాడు పోతే నీ శాలువాలు బతికిపోతాయి."

మహారాణి ముఖము ఎర్రబారెను. కప్పు దించి లేచెను.

"పెడితే తినేరకం కాదత్తయ్యా వాడు. ఎత్తుకుపోతేనే తింటాడు. అందరూ అటు తిరగండి."

వైద్యుడును వంటపెద్దయు గోడకు ముఖములిచ్చిరి. రాజమాత కన్నులు మూసుకొనెను. మహారాణి వెన్న రాసిన రొట్టె మడతలో కొత్త మాత్రను దాచి, పళ్ళెమును కుర్చీ అంచున నిలిపి, వార్తాపత్రిక తెరచి, సోఫా వైపు చూడకయే హెచ్చరించెను.

"ఇది నాది. ముట్టుకున్నావంటే ఊరుకోను."

సోఫా క్రింద ఒక ముక్కు మెరసెను. పిమ్మట చెవులు, పిమ్మట ఉదరభారము. అర్ధరాత్రి కోటగోడ దాటు గూఢచారివలె, ఆయాసమును అణచుకొని, తివాచీ పూలను ఒకటొకటిగా ఆక్రమించుచు, బుల్లిదొర కుర్చీని చేరి, మెడ సాచి, శత్రువు చూచునను తొందరలో నమలక కొరకక, ఒక్క గుటకలో రొట్టెను మ్రింగెను.

"దొంగవెధవా," అనెను మహారాణి, పత్రికనుండి తల ఎత్తక.

అందరును నేల వైపు చూచిరి. బూట్లపై ఏమియు రాలలేదు. తివాచీపై ఏమియు పడలేదు. బుల్లిదొర మూతి నాకుకొని, కొల్లగొట్టిన వీరుని గర్వముతో రాణిగారి శాలువాపై పండుకొనెను.

రాజమాత కోడలి వైపు తిరిగెను.

"రోజూ ఇలాగే ఎత్తుకుపోతాడా?"

"రోజూనే."

"మరి పళ్ళెం కాస్త పైకి జరపలేకపోయావా?"

"జరిపితే వాడికి అందదు కదత్తయ్యా."

రాజమాత కోడలి చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇద్దరికిని వేడిగా సూపు తెమ్మని వంటపెద్దను ఆజ్ఞాపించెను. సోఫా క్రిందనుండి, మింగాడా అని రాజ్యాధినేత ప్రశ్న వినవచ్చెను. మింగాడు, ఇక మీరు రావచ్చని మహారాణి అనుగ్రహించెను.

ఆ సాయంకాలమున ఏ కోటయు కూలలేదు. ఏ సరిహద్దును జరుగలేదు. అయినను దశదిశలును విన చాటుచున్నాను: తెల్లని మాత్ర ఒకటి, జానెడు గొంతు దిగి, కడుపున పడెను.