యోసేపు క్షేమంగా ఉన్నాడని తేల్చిన విధానం

ఒక మనిషి క్షేమంగా ఉన్నాడా లేడా అని తేల్చడానికి సర్కారును మించిన సాధనాన్ని మానవజాతి ఇంతవరకు కనిపెట్టలేదు. సర్కారు వెళ్లి చూసి వచ్చాక ఆ మనిషి మునుపటంత క్షేమంగా ఉండకపోవచ్చు. ఉండకపోతే ఆ సంగతి వేరే శాఖ చూసుకుంటుంది.

డోర్నకల్ ఎస్తేరమ్మకు ఈ ఏర్పాటు గురించి ముందుగా తెలియదు. ఆమె చదివింది ఐదో తరగతి. భయపడడంలో మాత్రం ఎమ్మే దాకా వచ్చింది. ఎసరు పొంగితే ఇల్లు అంటుకుంటుందని, నాలుగు చినుకులు పడితే రైలు వంతెన కొట్టుకుపోతుందని, పోస్టుమాను సైకిలు గంట కొడితే ఎవరో పోయారని అనుకోవడం ఆమెకు అలవాటు. కొడుకు యోసేపు కాజీపేటలో బొగ్గు ఇంజన్లు తుడిచే క్లీనరు. చిలుకమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు.

తల్లీకొడుకుల మధ్య ఉత్తరాలు లేవు. ఉన్నదల్లా మూడు గిన్నెల టిఫిన్ కేరియరు. ప్రతి శనివారం ఆమె అన్నం, కూర, చారు సర్ది ప్యాసింజరు గార్డు చేతికిచ్చేది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద యోసేపు అందుకునేవాడు. తిరుగు బండిలో ఖాళీ గిన్నెలు వచ్చేవి. గిన్నెలు ఖాళీగా వస్తే కొడుకు బాగున్నట్టు. చారు అడుగున మిగిలితే జలుబు చేసినట్టు. (ఇంత నమ్మకమైన వైద్య నివేదిక ఆ తర్వాత ఆమె చూసిన ఏ దవాఖానలోనూ దొరకలేదు.)

ఒక శనివారం కేరియరు మూత కూడా తీయకుండా నిండుగా తిరిగి వచ్చింది.

ఎస్తేరమ్మకు వరసగా జ్వరం, పాము, ఇంజను చక్రం, పెళ్లైన ఆడమనిషితో ప్రేమ తోచాయి. ఒకదాన్ని మించి ఒకటి భయపెట్టింది. అందిన బండి ఎక్కి కాజీపేటలో దిగింది. చిలుకమ్మ ఇల్లున్న సందు మొదట్లోకి వచ్చి ఆగిపోయింది. తలుపు తోసి చూసే ధైర్యం చాలలేదు. లోపల ఏం కనబడుతుందో బండిలో దారి పొడుగునా కనబడుతూనే వచ్చింది మరి. అటువంటిదాన్ని మొదట చూడవలసింది జీతం తీసుకుని చూసేవాళ్లేనని ఆమెకు తోచింది. వెనక్కి తిరిగి పోలీసు ఔట్‌పోస్టుకు నడిచింది.

అక్కడ హెడ్ కానిస్టేబులు గట్టయ్య ఉన్నాడు. ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన మనవి చెప్పుకుంది.

"సారూ, మా పిలగాడు బువ్వ తిన్నడో లేడో జర చూసి రాండ్రి. నాకు కాళ్లు ఆడుతలేవు."

గట్టయ్య మర్యాదస్తుడు. పోలీసు శాఖలో చూసి రావడం అనే పని లేదని ఆమెకు నెమ్మదిగా వివరించాడు. పట్టుకుని రావడం ఉంది. చూడడం అనేది దానికి ముందు జరిగే చిన్న లాంఛనం. పిలగాడు తప్పిపోయాడా అని అడిగాడు. లేదు, గదిలోనే ఉంటాడు. ఎవరైనా కొట్టారా? లేదు. దొంగతనం ఏమైనా జరిగిందా? కేరియరు తిరిగి వచ్చింది, కూరతో సహా. ఇంత నేరం లేని కేసు గట్టయ్య తన సర్వీసులో చూడలేదు. పోనీ, మనిషి ఈ మధ్య ఎట్లా ఉన్నాడని అడిగాడు. ఎస్తేరమ్మ నిజమే చెప్పింది. మొన్న ఈస్టరుకు వచ్చినప్పుడు సరిగ్గా మాట్లాడలేదు, కంచం ముందు పెట్టుకుని గోడ వంక చూశాడు, నిద్రలో ఏదో గొణిగాడు.

గట్టయ్య ముఖం విప్పారింది. దానికి చట్టం ఉంది. తెల్లదొరలు రాసి, పోయేటప్పుడు మూట కట్టుకోవడం మరిచిపోయిన చట్టం. మతి తప్పి తిరిగేవాళ్లను పోలీసులు తీసుకొచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు.

"ఫికర్ చేయకమ్మా. గీ చట్టం కింద అయితే చూసి రావచ్చు," అన్నాడు.

ఫికర్ చేయవద్దని పోలీసు నోట విన్నప్పటి నుంచి ఆమెకు ఫికరు రెట్టింపైంది. బెంచీ మీద కూర్చుని ప్రార్థనలో పడింది. కానిస్టేబులు రాజమల్లు సైకిలెక్కాడు.

ఇంతకూ ఆ గదిలో జరుగుతున్నది ఇది. యోసేపుకు ఫైర్‌మన్ పరీక్ష, అంటే ఇంజను కొలిమిలో బొగ్గు వేసే పనికి పెట్టే పరీక్ష, దగ్గరికొచ్చింది. గట్టెక్కితే తుడుపు గుడ్డ వదిలి ఇంజను మీదికి ఎక్కుతాడు. ఇంజను మీద ఒక నియమం ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు ఔటరో, హోమో దాని పేరు పలికి గట్టిగా అడగాలి, ఫైర్‌మన్ దాని రంగు గట్టిగా జవాబు చెప్పాలి. యోసేపు సెలవు పెట్టి, తలుపు గడియ పెట్టుకుని, చిలుకమ్మ చేటను పార అనుకుని, గోడలోని గూటిని కొలిమి అనుకుని, ఇద్దరి మాటలూ తానే అంటూ సాధన చేస్తున్నాడు. ఆ ధ్యాసలో శనివారం వచ్చి పోయిన సంగతి కూడా అతనికి తెలియదు.

రాజమల్లు కిటికీలోంచి చూసి రాసుకొచ్చిన నివేదిక ఇలా ఉంది: "మనిషి ఒక్కడే. గొంతులు రెండు. ఒక గొంతు ‘ఔటర్?’ అని అడుగును. రెండవది ‘గ్రీన్’ అని చెప్పును. గదిలో పచ్చనిది ఏదియు లేదు. ఖాళీ చేటతో ఏమీ లేనిదానిని గూటిలోకి విసురును. చెమట తుడుచుకొనును. పిదప నన్ను చూసి ‘రెడ్’ అని కేక వేసి ఆగిపోయెను."

చట్టంలో తిరిగేవాళ్లని ఉంది, ఇతనేమో గదిలో ఉన్నాడు. రాజమల్లు దానికీ పరిష్కారం చూశాడు. ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నట్టు రాసుకున్నాడు. చిలుకమ్మ వాంగ్మూలం కూడా తీసుకున్నాడు. రాత్రీ పగలూ అదే లొల్లి అని, అయినా పిలగాడు తల వంచుకుని పోతాడు, తల వంచుకుని వస్తాడని ఆమె చెప్పింది. (రెండో మాట కింద గట్టయ్య తర్వాత గీత గీశాడు.)

రాజమల్లు వెంట ఔట్‌పోస్టుకు వచ్చిన యోసేపు బెంచీ మీద తల్లిని చూసి తెల్లబోయాడు.

"అమ్మా, నువ్వెందుకొచ్చినవే?"

"తిన్నవా బిడ్డా?" అంది ఎస్తేరమ్మ.

గట్టయ్య చేయి అడ్డం పెట్టాడు. మేజిస్ట్రేటు గారు అడగకముందు బయటివాళ్లు ప్రశ్నలు వేయడానికి వీల్లేదు. ఆ విధంగా ఆ ప్రశ్న అక్కడే ఆగింది.

మేజిస్ట్రేటు గారు పిచ్చి ఉందా అని అడిగారు. లేదన్నాడు యోసేపు. ఉన్నవాళ్లందరూ లేదనే అంటారు కాబట్టి పరిశీలన కోసం పది రోజులు దవాఖానలో ఉంచమని ఆజ్ఞ అయింది. ఎస్తేరమ్మ కోర్టు వరండాలో అడ్డం తిరిగి, తన కొడుక్కి ఏమీ లేదని, తాను ఊరికే భయపడ్డానని మొత్తుకుంది. కోర్టు జవాను ఆమెను ఓదార్చాడు. కొడుక్కి పిచ్చి అంటే ఏ తల్లీ ఒప్పుకోదట.

దవాఖానలో డాక్టరు వెంకట్రాజం గారు శ్రద్ధగల మనిషి. ఏదీ వదలకుండా గమనించారు. యోసేపు మౌనంగా కూర్చుంటే లోకంతో సంబంధం తెగినట్టు రాశారు. పరీక్ష పోతుంది, ఇంటికి పంపమని బతిమాలితే ఆందోళన అని రాశారు. ఏమీ తోచక గుడ్డ ముక్క అడిగి మంచం కోళ్లు తళతళలాడేట్టు తుడిస్తే ఆ రోజు రెండు పేజీలు రాశారు. ఎస్తేరమ్మ తెలిసినవాళ్ల ఇంట్లో వండి రోజూ కేరియరు తెచ్చేది. బయటి తిండి లోపలికి పోయే ముందు వార్డు జవాను రుచి చూడాలి. అతను అడుగు దాకా రుచి చూసేవాడు. గిన్నెలు ఖాళీగా తిరిగి రావడం చూసి మొదటి రోజు ఆమె దేవునికి స్తోత్రం కూడా చెప్పుకుంది.

యోసేపు లోపల ఉండగానే పరీక్ష జరిగిపోయింది.

ఆ సంగతి తెలిసి సారంగపాణి అనే ముసలి డ్రైవరు దవాఖానకు వచ్చాడు. ఇది పిచ్చి కాదు, డ్యూటీ అని చెప్పి, రుజువు చూపిస్తానన్నాడు. వార్డు ఆ చివర నిలబడి "ఔటర్?" అని అరిచాడు. ఈ చివరి మంచం మీంచి "గ్రీన్" అని జవాబు వచ్చింది. "హోమ్?" అన్నాడు. "గ్రీన్," అన్నాడు యోసేపు. వచ్చినప్పటి నుంచి అతని ముఖంలో అంత కళ ఎవరూ చూడలేదు.

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సారంగపాణిని కూర్చోబెట్టి, మీకు ఇది ఎప్పటి నుంచి ఉందని మెల్లగా అడిగారు.

"ఇరవై ఏండ్ల సంది సార్," అన్నాడు సారంగపాణి గర్వంగా. "నేనొక్కణ్నే కాదు, అందరం గట్లనే అంటం. అనకపోతే నౌకరీ పోతది."

డాక్టరు గారు వార్డులో మంచాల వైపు చూశారు. రైల్వేకు ఎన్ని ఇంజన్లున్నాయో, ఇంజనుకు ఎందరుంటారో మనసులో లెక్క వేసుకున్నారు. చాలవు. గడువు ముగిసిన రోజు యోసేపును వదిలేస్తూ సర్టిఫికెట్టు ఇచ్చారు: "ఇతనికి ఉన్న లక్షణములు ఒక శాఖ మొత్తానికి ఉన్నట్లు తెలిసినందున ఆరోగ్యముగా పరిగణించడమైనది."

ఇంజన్ల షెడ్డు ఫోర్‌మన్ మంచివాడు కాబట్టి యోసేపుకు ఇంకోసారి పరీక్ష పెట్టారు. కాగితం మీద రాసే పరీక్ష. గట్టెక్కాడు. ఎస్తేరమ్మ డోర్నకల్ ఇంటికి తాళం వేసి, కేరియరుతో సహా వచ్చి చిలుకమ్మ గదిలో కొడుకు దగ్గరే ఉండిపోయింది. యోసేపు ఇంజను ఎక్కాడు. బొగ్గు బాగానే విసిరేవాడు. సిగ్నల్ వచ్చినప్పుడు మాత్రం నోరు విప్పేవాడు కాదు. డ్రైవరు అడిగితే చుట్టూ ఒకసారి చూసి, భుజం తట్టి, వేలు చూపించేవాడు. నియమం ప్రకారం పైకి చెప్పనందుకు అతనికి మెమో ఇచ్చారు. ఎందుకు చెప్పవని విచారణలో అడిగితే అక్కడా మాట్లాడలేదు. విచారణ జరిపిన అధికారి దయగల మనిషి. ఈ కుర్రవాడికి ఏమైందో ఒకసారి చూసి రమ్మని పోలీసులకు రాశాడు.

రాజమల్లు సైకిలు మీద వచ్చాడు. యోసేపు డ్యూటీలో ఉన్నాడు. గడపలో ఎస్తేరమ్మ కేరియరు తోముతోంది.

"అమ్మా, మీ పిలగాడు మాట్లాడుతలేడట. జర చూసి రమ్మన్నరు."

ఎస్తేరమ్మ తోమడం ఆపి అతని వంక చూసింది. "మాట్లాడితే తీస్కపోతిరి. మాట్లాడకుంటే చూడొస్తిరి. అయ్యాల నేనడిగింది ఒక్కటే కదా నాయినా, పిలగాడు బువ్వ తిన్నడా అని. చూసినవా?"

రాజమల్లు నిజాయితీగా ఆలోచించాడు. "అది చూడలేదమ్మా," అన్నాడు.

ఎస్తేరమ్మకు నవ్వు వచ్చింది. మొదట కొంచెం, తర్వాత కేరియరు గిన్నె చేతిలోంచి జారేంత.

రాజమల్లు సైకిలు సీటు మీద కాగితం ఆనించి రాసుకున్నాడు: "కొడుకు క్షేమము. తల్లి నవ్వినది. కారణము కనబడలేదు. ఒకసారి చూసి రావలెను."