అనుచరుల రిజిస్టరు

ప్రజల్లో చదివే అలవాటు తగ్గిపోతున్నదని గమనించి, ఆ లోటును పుస్తకాల అవసరం లేకుండానే పూడ్చాలని ప్రభుత్వం వారు నిశ్చయించారు. అందుకోసం గ్రంథాలయ డిజిటల్ వికాస కమిటీ అని ఒకటి వేసి, మా వైపుకు రాఘవేంద్రప్రసాద్ గారిని చైర్మన్ చేశారు. మున్సిపల్ టికెట్ అడిగితే కమిటీ చేతిలో పెట్టారని గిట్టనివాళ్లు అంటారు. నేను నమ్మను. చిన్నప్పుడు తాను కూడా ఒక పుస్తకం చదివానని ప్రమాణ స్వీకారం రోజున ఆయనే మైకులో చెప్పారు.

కమిటీ మొదటి సర్క్యులర్ ప్రొద్దుటూరులో మా పేట గ్రంథాలయానికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైనప్పటి నుంచీ పొద్దున పూట నా డ్యూటీ అక్కడే. లైబ్రేరియన్ పోస్టు పదకొండేళ్లుగా ఖాళీ కాబట్టి, తలుపు తీయడం, దుమ్ము దులపడం, పేపర్లకు కర్ర బిగించడం అన్నీ సహాయకుడు నరసింహులే చేస్తాడు. అతను సర్క్యులర్‌ను లేచి నిలబడి చదివాడు. "ప్రతి గ్రంథాలయము ఫేస్‌బుక్ నందు పేజీ తెరచి, మూడు నెలలలోగా కనీసం రెండువేల మంది అనుచరులను సమకూర్చుకొనవలెను. వివరములు సక్రమముగా నమోదు చేయవలెను."

ఇంగ్లీషులో ఫాలోయర్లు అని ఉన్నదాన్ని పైన ఎవరో పండితుడు శ్రద్ధగా తెలుగు చేశాడు. మా సీమలో అనుచరులు అన్న మాటకు అంతకు ముందే వేరే అర్థం ఉన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"మనకేటికన్నా అనుచరులు? మనమేమన్నా జీపుల్లో తిరగతాండామా?" అన్నాడు నరసింహులు నాతో.

మూల బల్ల దగ్గర కూర్చున్న అల్ఫియా ఫక్కున నవ్వింది. ఆ పిల్ల బట్టల అంగట్లో కటింగ్ మాస్టరు ఇస్మాయిల్ కూతురు. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. రెండు సార్లు నాలుగైదు మార్కుల్లో పోయింది. వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. ఇల్లంతా ఒకటే గది, అందులో రోజంతా కుట్టుమిషన్ చప్పుడు. అందుకని గ్రంథాలయం తీసినప్పటి నుంచి మూసేదాకా ఆ మూల బల్ల ఆమెదే. అది అందరికీ తెలుసు, ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు.

నరసింహులును ఒకరోజు శిక్షణకు కడపకు పిలిచారు. విజయవాడ నుంచి వచ్చిన భవ్య అనే మేడం తెర మీద బాణం గుర్తులు చూపించి, భోజనాల తర్వాత సర్టిఫికెట్లు ఇచ్చింది. ప్రశ్నలు అడగమంటే మన నరసింహులు ఒక్కడే లేచాడు. అనుచరులు వచ్చినాక ఏ రిజిస్టర్లో ఎక్కించాల మేడం అని అడిగాడు. హాలంతా నవ్వింది. మీకు వీలైనట్టు రాసుకోండి సార్ అని ఆమె మర్యాదగా చెప్పింది. నరసింహులు దాన్ని ఆర్డరుగా తీసుకున్నాడు.

అసలు చదువు చెప్పింది అల్ఫియానే. తన పుస్తకం మూసి, రోజూ ఒక గంట అతని పక్కన కూర్చుంది. ఇరవై ఆరేళ్లు రబ్బరు స్టాంపు వేసిన చెయ్యి కదా, లైకును కూడా అతను గట్టిగా అదిమి పట్టేవాడు. దాంతో రకరకాల మొహాలు పైకి లేచేవి. చైర్మన్ గారి నాయన వర్ధంతి పోస్టు మీద పగలబడి నవ్వే మొహం అలాగే పడింది. దానికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకున్నాడు. తను పెట్టే ప్రతి పోస్టుకూ వరుస నంబరు వేసేవాడు. పోయినోళ్ల పోస్టుకైనా, పండగ పోస్టుకైనా నంబరు నంబరే.

పేజీ తయారైన రోజు రెండు వందల పేజీల పొడుగు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, అట్ట మీద గుండ్రటి అక్షరాలతో "అనుచరుల రిజిస్టరు" అని రాశాడు. లోపల క్రమసంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, డోర్ నంబరు, సెల్ నంబరు, సంతకం అని గడులు కొట్టాడు.

"మొదటి సంతకం నీదే కావాల పాపా. నువ్వు నాకు గురువు" అన్నాడు. అల్ఫియా సిగ్గుపడుతూనే సంతకం చేసింది. రెండో నంబరు నాది.

ఆ తర్వాత రూలు వచ్చింది. ఫోన్లో ఫాలో నొక్కి, రిజిస్టర్లో సంతకం పెట్టినవాళ్లకే పేపరు. పేపరు చదివేవాళ్లంతా కలిపి నలభై మందే తేలారు. దాంతో నరసింహులు గ్రంథాలయానికి తాళం వేసి, రిజిస్టరు చంకన పెట్టుకుని బంగారు అంగళ్ల వీధిలో పడ్డాడు. మా ఊళ్లో గవర్నమెంటు మనిషి పుస్తకం ముందు పెడితే జనం మొదట సంతకం చేస్తారు, తర్వాత దేనికని అడుగుతారు. కొందరు ఇంటి స్థలాలకనుకున్నారు. గంగులమ్మ అనే ఆవిడ గొర్రెల లోనుకనుకుని, మొగుడి చేత, మరుదుల చేత కూడా వేయించింది. మూడు నెలలు తిరిగేసరికి నాలుగు వేలు దాటాయి. ఆ మూడు నెలలూ గ్రంథాలయం ఎక్కువగా మూసే ఉంది. అల్ఫియా మెట్ల మీద కూర్చుని చదివింది.

ఈ ఘనత విని రాఘవేంద్రప్రసాద్ గారు స్వయంగా వచ్చారు. ఆయన సొంత పేజీకి అప్పటికి రెండు వందల పదకొండు మంది ఉన్నారు, అందులో బంధువులే ఎక్కువ. రిజిస్టరు పేజీలు ఆఖరిదాకా తిప్పి చూశారు.

"గ్రంథాలయానికి ఒక మొగం ఉండాల నరసింహులూ" అన్నారు చివరికి. "గోడను చూసి ఎవురు వస్తారప్పా?"

ఆ సాయంత్రమే పేజీ పేరు "గ్రంథాలయ బంధు రాఘవేంద్రప్రసాద్"గా మారింది. తాళంచెవి లాంటి పాస్‌వర్డు కూడా ఆయన ఫోన్లోకి వెళ్లింది. నరసింహులు నిబంధనల మనిషి. రిజిస్టరు అట్ట మీద పేరు లేకపోతే తప్పవుతుందని, "గ్రంథాలయ బంధు రాఘవేంద్రప్రసాద్ గారి" అని ఎర్ర సిరాతో పైన చేర్చి, పక్కన పొట్టి సంతకం చేశాడు.

అల్ఫియా ధైర్యం చేసి కొత్త సిలబస్ గైడు ఒకటి కావాలని అడిగింది. చైర్మన్ గారు కరిగిపోయారు. వారం తిరక్కుండా కారులో గైడు వచ్చింది. ఆమెకు అందిస్తూ ఫొటో దిగారు. తర్వాత జమ్మలమడుగులో ఫొటో ఉందని గైడు తీసుకెళ్లారు. అదే రోజు అక్కణ్ణుంచి అది పులివెందుల, వేంపల్లె, కమలాపురం వెళ్లింది. నా సర్వీసులో నేను కూడా ఒక్క రోజులో అన్ని ఊళ్లు తిరగలేదు. గైడు తిరిగి రాలేదు. అల్ఫియా తెలిసినవాళ్ల దగ్గర అడిగి, జిరాక్సులు తీసుకుని చదివింది.

ఇంతలో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. చైర్మన్ గారికి ఈసారి కూడా టికెట్ రాలేదు. ఆత్మగౌరవం దెబ్బతిని ఆయన అవతలి పార్టీలోకి వెళ్లారు. "నాలుగు వేల మంది అనుచరులతో చేరిక" అని పేపర్లో పెద్దక్షరాలతో వేశారు. నేను కూడా పార్టీ మారానన్న సంగతి నాకు ఆ పేపరు చదివితేనే తెలిసింది. సభకు వచ్చింది అరవై మందేనట. ఆ పార్టీ పెద్దలు అనుమానంగా చూస్తే, ఆయన లేచి, గ్రంథాలయం నుంచి తెప్పించుకున్న రిజిస్టరు బల్ల మీద పెట్టారట. సంతకాలతో సహా చూసి వాళ్లు నోరు మూసుకున్నారట.

మర్నాడే ఆయన మీద పాత గలాటా కేసు ఒకటి నిద్రలేచింది. అనుచరుల వివరాలు కావాలని పోలీసులు వచ్చి రిజిస్టరు పట్టుకెళ్లారు. ఇంకెవరి విషయంలోనైనా ఆ పని నెలలు పట్టేది. ఇక్కడ తండ్రి పేరు, డోర్ నంబరుతో సహా సిద్ధంగా ఉంది. ఇంత శుభ్రమైన జాబితా తన సర్వీసులో చూడలేదని స్టేషన్ రైటరు మెచ్చుకున్నాడట.

అదే నెలలో అల్ఫియాకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. నరసింహులు తన చేతి దుడ్లు పెట్టి పేటంతా మైసూరుపాకు పంచాడు. ఇస్మాయిల్ ఆ రోజు మిషన్ ఆపి, వాకిట్లో ఊరికే కూర్చున్నాడు. మిగిలింది నడవడిక విచారణ ఒక్కటే. దానికి అల్ఫియా, నరసింహులు, నేను కలిసే స్టేషన్‌కు వెళ్లాం.

ఎస్సై గారు రిజిస్టరు మొదటి పేజీ తెరిచి మా వైపు తిప్పారు.

"క్రమసంఖ్య ఒకటి, షేక్ అల్ఫియా. అంటే ముఖ్య అనుచరురాలు."

అది ఫేస్‌బుక్ మాట సార్ అని ఆమె వివరించింది. ఫోను తీసి, ఫాలో ఎప్పుడో తీసేశానని చూపించింది. ఆయన ఓపిగ్గా చూశారు.

"ఫోన్లో తీసేసినావు, సరేమ్మా. ఈ సంతకం యాడ తీసేసినావు?"

నరసింహులు ఆ రిజిస్టరు రాసింది తానేనని, తప్పంతా తనదేనని మొత్తుకున్నాడు. ఎస్సై గారు చెడ్డవారు కాదు. ఆమె తన అనుచరురాలు కాదని ఆ నాయకుడే రాసిస్తే చాలన్నారు. రేపు సాయంత్రం అయిదుకు ఫైలు పైకి పోతుందన్నారు.

బయటికి వచ్చాక నరసింహులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నా రాత బాగుండబట్టే గదన్నా ఆ బిడ్డకు ఈ గతి" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రాఘవేంద్రప్రసాద్ గారి ఇంటికి వెళ్లాం. మూడున్నర దాకా వరండాలో కూర్చోబెట్టారు. ఆయన బయటికి వచ్చి, అల్ఫియాను పైనుంచి కిందికి చూశారు.

"ఈ పాప ఎవురో నాకు తెలీదే" అన్నారు.

మాకు ప్రాణం లేచొచ్చింది. "అదే సార్, ఆ మాటే రాసియ్యండి. చాలు" అన్నాడు నరసింహులు.

"తెలీని మనిషికి నేనెట్లా రాసిస్తాప్పా? మా పార్టీ మనుషులకే నేను లెటర్లిచ్చేది. ఆయమ్మను చేరమను, ఇప్పుడే ఇస్తా."

ఆయన సైగ చేయగానే లోపల్నుంచి కండువా వచ్చింది. ఫోను పట్టుకుని ఒకతను వెలుతురు చూసుకుంటున్నాడు. అల్ఫియా నా వైపు చూసింది, "ఏం చేయాల తాతా?" అని అడిగింది. గోడ గడియారంలో నాలుగైంది. నేను వద్దనలేకపోయాను, చేరమని కూడా అనలేకపోయాను. ఆ మౌనానికి నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు. ఆమె తల వంచింది. కండువా వేశారు, ఫొటో తీశారు.

రాఘవేంద్రప్రసాద్ గారు మాట తప్పే మనిషి కాదు. పది నిమిషాల్లో పార్టీ లెటర్‌హెడ్ మీద టైపు చేయించి సంతకం పెట్టారు. స్టేషన్‌కు ఆటోలో పోతూ నేను దాన్ని గట్టిగా చదివాను.

"మా పార్టీ క్రియాశీలక కార్యకర్త కుమారి షేక్ అల్ఫియా నాకు అనుచరురాలు కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. జత: ఫొటో ఒకటి."